మూడో తలుపు మీది మొండి సంఖ్య

రోజు 1. దిగువరస నీళ్ళు: మనిషికి ఆరు చెంబులు.

తాళం వేసిన తలుపు తీసే పని పెట్టుకుంటే, మొదలుపెట్టిన రోజు నుంచీ తీసేదాకా జరిగిందంతా రాసి పెట్టాలని మన ఊరి నిబంధన. పుస్తకం ఆఖరి పేజీలో ‘తలుపు తీసినవారి సంఖ్య’ అని ఒక గడి ఉంటుంది. అందులో పేరు రాయకూడదట, పుట్టుసంఖ్యే రాయాలట. సరే, రాస్తున్నాను. నా పేరు తాయారు. భాగహారశాల పెద్దని. నా సంఖ్య 86243. ఇరవై రెండేళ్ళుగా పొద్దున లేస్తే భాగహారాలే చేస్తున్నాను కాబట్టి నా దస్తూరీ గురించి ఎవరూ నోరెత్తకండి.

సంగతేమిటంటే, దిగువరస నీళ్ళ పంపులో జల్లెడ పూడుకుపోతోంది. ఎంత కడిగినా రెండు రోజులకే మళ్ళీ మొదటికి వస్తోంది. ధార రోజురోజుకీ సన్నబడుతోంది. మనిషికి చెంబు కన్నా తగ్గిన రోజున దిగువరస మొత్తం ఖాళీ చేయించాల్సిందేనని పంపు చూసుకునేవాళ్ళు తేల్చి చెప్పేశారు. అక్కడున్నది రెండొందల పన్నెండు మంది. పైవరసలో ఉన్నవాళ్ళకే కాళ్ళు చాపుకునే చోటు లేదు. గాజుకప్పు దాటి బయటికి పోదామా అంటే పీల్చడానికి గాలే లేదాయె.

కొత్త జల్లెడలు లేవా అంటే, పన్నెండు ఉన్నాయి. మూడో తలుపు వెనకాల భద్రంగా ఉన్నాయి. ఆ తలుపుకి తాళం. తాళం మీద ఇత్తడి పలక. పలక మీద 28875049884681 అని సంఖ్య. కింద ఆరు వరసల అంకెల చక్రాలు. ఆ సంఖ్యని ఆరు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టి, చిన్నదాంతో మొదలుపెట్టి వరసగా తిప్పితే తెరుచుకుంటుంది. తప్పు తిప్పితే తొమ్మిది రోజులు బిగుసుకుపోతుంది.

ఇంత తాళం దొంగల కోసమా అని భానోజీ మేస్టారిని అడిగాను. ఆయనకి ఎనభై దాటాయి, యంత్రాలు బతికున్న రోజులు చూసిన మనిషి.

“దొంగలెక్కడున్నారమ్మా అప్పట్లో! పిల్లలు లోపలికి దూరి ఆడుకోకుండా పెట్టారు. పెద్దవాళ్ళు యంత్రాన్ని అడిగితే కనురెప్ప వేసేలోగా చెప్పేసేది” అన్నారు.

“అంటే ఇది చంటిపిల్లల గడియా మేస్టారూ?”

“గడియేనే అమ్మాయ్.”

యంత్రాలన్నీ ఒకేసారి కళ్ళు మూసి అరవై ఒక్క ఏళ్ళయింది. చంటిపిల్లల గడియ తీయడానికి ఇప్పుడు ఇరవై ఆరుగురం పెద్దవాళ్ళం పలకలు పట్టుకుని బాసింపట్టు వేసుకు కూర్చోవాలి. నాకు ఒళ్ళు మండదా మరి?

మొదటి పూట మాత్రం బాగానే జరిగింది. అంకెలన్నీ కూడితే 78, కాబట్టి మూడుతో శేషం లేకుండా పోతుంది. తర్వాత కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టాం: 681, 884, 049, 875, 28. ఒకటి విడిచి ఒకటి కూడితే ఒక పక్క 758, రెండో పక్క 1759. తేడా 1001! శాలంతా ఈలలు వేశారు. ఎందుకంటే 1001 అంటే ఏడూ పదకొండూ పదమూడూ గుణిస్తే వచ్చేది. ఒక్క దెబ్బకి మూడు ప్రధాన సంఖ్యలు చేతికొచ్చాయి. మొత్తం నాలుగు. ఇక రెండే కావాలి. మిగిలిన సంఖ్య 9615401227. తొమ్మిది వందల అరవై ఒక్క కోట్ల పైచిలుకు.

ఈ వారంలో తలుపు తీసేస్తామని దిగువరసకి కబురు కూడా పంపాను. నా నోటిని ఏమనాలి!

రోజు 2. ఆరు చెంబులు.

ఈ రోజు గురించి రాయాలంటే చెయ్యి రావడం లేదు.

చిన్న సంఖ్యల పని సింహాద్రికి అప్పజెప్పాను. మంచివాడే, నాకన్నా పదేళ్ళు చిన్న, గుణకారంలో మెరుపు. కానీ కంగారు మనిషి. గంట తిరక్కుండానే “తాయారక్కా, పందొమ్మిదితో పోయింది! శేషం సున్నా!” అని పలక ఎత్తి గంతులేశాడు. నేను తిరగేసి గుణించి చూసుకోమన్నాను. గుణించాడు. తన పలక మీది సంఖ్యతో సరిపోయింది. నేనూ చూశాను, చూడలేదని అబద్ధమెందుకు చెప్పాలి! అందరూ పరుగో పరుగు. మిగిలిన ఐదు కోట్ల సంఖ్యే ఆరోది అయ్యుంటుందని అక్కడికక్కడే తేల్చేసుకుని చక్రాలు తిప్పేశారు. తాళం ‘కడక్’మని బిగుసుకుంది.

వచ్చి చూస్తే ఏముంది? పలక మీదికి ఎక్కించుకునేటప్పుడే మధ్యలో సున్నా వదిలేశాడు మహానుభావుడు. 9615401227 రాయాల్సిన చోట 961541227 అని రాసుకున్నాడు. ఆ తప్పుడు సంఖ్య పందొమ్మిదితో శుభ్రంగా పోతుంది! పోకపోయినా బాగుండేది. ఇప్పుడు తొమ్మిది రోజులు తాళం ముట్టుకోవడానికి లేదు.

“సున్నాయే కదక్కా...” అని నసిగాడు.

“సున్నాయే కదా? నీ జీతమంత సున్నా కాదురా అది, రెండొందల పన్నెండు మంది గొంతు తడిపే సున్నా!” అని చెడామడా తిట్టాను. వాడు కూర్చునే పీట మా ఆండాళక్కది. అక్క ఉన్నప్పుడు ఏ సంఖ్యలో సున్నా కనిపించినా దాని నెత్తిన చుక్క పెట్టి మరీ మొదలుపెట్టేది. ఎందుకే అంటే, “సున్నా నోరు లేనిదే, పక్కవాళ్ళు తోసేస్తారు” అనేది. అక్క పోయి ఎనిమిది నెలలైంది. ఆ పీట మీద ఇప్పుడు ఈ కంగారు మనిషి.

రోజు 3. ఆరు చెంబులు.

ఇక అడ్డదారులు లేవు, చీటీల పెట్టె దించాం.

పెట్టె సంగతి తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు గానీ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. లక్షలోపు ప్రధాన సంఖ్యలన్నీ ఒక్కో చీటీ మీద ఒక్కోటి చొప్పున అందులో ఉంటాయి. యంత్రాలు పోయాక ఈ సంఖ్యలు కూడా ఎక్కడ మరిచిపోతామోనని అప్పటి పెద్దవాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. బిడ్డ పుట్టగానే తల్లి కళ్ళు మూసుకుని పెట్టెలోంచి ఒక చీటీ తీస్తుంది. ఆ సంఖ్య బిడ్డది. బతికినంత కాలం దాన్ని గుర్తు పెట్టుకోవాలి. చీటీకి నకలు రాసుకుని అసలుది మళ్ళీ పెట్టెలో వేస్తారు.

లక్షని లక్షతో గుణిస్తే వెయ్యి కోట్లు. మన మొండి సంఖ్య వెయ్యి కోట్లలోపే. కాబట్టి మిగిలిన రెండింట్లో ఒకటైనా లక్షలోపు ఉండి తీరాలి. అంటే అది ఈ పెట్టెలోనే ఉంది. ఒక్కో చీటీతో భాగించుకుంటూ పోవడమే. ఏదో ఒక చీటీ దగ్గర శేషం సున్నా వస్తుంది, పని అయిపోతుంది.

పొద్దున్నే దీపం వెలిగించి, నిద్రలో ఉన్నవాళ్ళ మూటలు తీసి గూట్లో పెట్టి, మిగతా చీటీలు ఇరవై ఆరుగురికీ పంచాను. తలా మూడొందల అరవై తొమ్మిది దాకా వచ్చాయి. రోజుకి ముప్ఫై చొప్పున చేసినా పదమూడు రోజులు. వినగానే అందరి మొహాలూ వేలాడాయి. నాదీ వేలాడింది కానీ నేను పెద్దని, పైకి కనిపించకూడదు.

రోజు 9. ఐదు చెంబులు.

నా తల ప్రాణం తోకకొస్తోంది.

ఒకరికి సుద్దముక్క చిన్నదట. ఒకరికి పక్కవాడు పైకి చదువుకుంటూ భాగిస్తుంటే తన లెక్క చెదిరిపోతోందట. అప్పలనరసమ్మ అయితే తన చీటీలన్నీ తొంభై వేల పైవే వచ్చాయని, కావాలనే పెద్దవి తనకి అంటగట్టానని నిన్నటి నుంచీ మూతి ముడుచుకుని కూర్చుంది. “పెద్దదైనా చిన్నదైనా అంకెలు ఐదేగా తల్లీ!” అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా!

మధ్యాహ్నం కుసుమ వచ్చింది. కుసుమ మా ఆండాళక్క కూతురు. దిగువరసలో తోట చూసుకుంటుంది. చేతిలో వాడిపోయిన చిక్కుడు తీగ ముక్క. అక్క పోవడానికి వారం ముందు తన చేత్తో పెట్టిన పాదు అది. పూత మీదుంది.

“మనుషులకే చాలడం లేదు, మొక్కలకి ఆపేయమన్నారు పిన్నీ. నా వాటాలోంచి ఒక చెంబు పోస్తున్నాను. ఇంకెన్నాళ్ళు పడుతుంది?” అంది.

“నాలుగైదు రోజులే” అన్నాను. “నీ చెంబు నువ్వు తాగు, మొక్క మాట తర్వాత” అని కూడా అన్నాను. అది నా మాట వినే రకం కాదు. వాళ్ళమ్మ కూతురే.

రోజు 15. నాలుగు చెంబులు.

పంచిన చీటీలన్నీ అయిపోయాయి. ఒక్కటి కూడా పోలేదు.

శాలలో గుసగుసలు మొదలయ్యాయి. ఈ మొండి సంఖ్య కూడా ప్రధాన సంఖ్యేనట, తాళం చేసినవాడే తప్పు చేశాడట. “అయితే చక్రాలు ఆరు వరసలు ఎందుకుంటాయయ్యా? ఐదో వరసతో ఆగిపోయేవాడు కదా!” అన్నాను. ఇంకొకరు ఇత్తడి పలక మీద ఏదో అంకె అరిగిపోయి ఉంటుందన్నారు. నేనే వెళ్ళి వేలు పెట్టి తడిమి చూశాను. పద్నాలుగు అంకెలూ నిన్న చెక్కినంత స్పష్టంగా ఉన్నాయి. భానోజీ మేస్టారు మాత్రం ఒకటే మాట అన్నారు.

“ఉండి తీరాలి తాయారూ. సంఖ్య అబద్ధం ఆడదు. ఆడితే మనుషులే ఆడాలి.”

అంటే ఏమిటి? ఎవరో తప్పు చేశారు. ఎవరో ఒక సున్నా మింగేశారు. ఎవరో ఒకరు భాగించకుండానే భాగించానని పక్కన పడేశారు. ఇది ఆలోచించేకొద్దీ నాకు చిర్రెత్తుకొస్తోంది. రేపటి నుంచి చీటీలు మార్చి ఇచ్చి మొత్తం మళ్ళీ చేయిస్తాను. ఏడ్చేవాళ్ళు ఏడవనీ.

రోజు 22. మూడు చెంబులు.

రెండో విడత నడుస్తోంది. సింహాద్రిని నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ప్రతి లెక్కకీ ముందు పది అంకెలూ పైకి చదివిస్తున్నాను. “తొమ్మిది, ఆరు, ఒకటి, ఐదు, నాలుగు, సున్నా...” సున్నా దగ్గర నేను బల్ల మీద కొడతాను. వాడు రోజుకి ముప్ఫై సార్లు తల దించుకుంటున్నాడు. దించుకోనీ.

అప్పలనరసమ్మ ఇవాళ లేచి వెళ్ళిపోయింది. నేను ఆమె పలక లాక్కుని అందరి ముందూ తప్పులు వెతికానట, ఇరవై ఏళ్ళ నుంచి భాగిస్తున్న మనిషిని దొంగని చూసినట్టు చూశానట. తప్పు ఒక్కటి కూడా దొరకలేదు, అది వేరే సంగతి. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, “మీ అక్క ఉన్నప్పుడు ఈ శాలలో ఎవరూ ఏడవలేదు తాయారూ” అంది.

ఆమె వాటా చీటీలు నేనే తీసుకున్నాను. సాయంత్రానికి మెడ పట్టేసింది.

దిగువరసలో స్నానాలు బంద్. ముసలివాళ్ళని, పసిపిల్లల తల్లుల్ని పైవరసలో సర్దుతున్నారు. సర్దినచోట అప్పుడే తగవులు.

రోజు 28. రెండు చెంబులు.

రెండో విడత అయిపోయింది. శేషం సున్నా ఒక్క చోట కూడా రాలేదు.

నేను పలక నేలకేసి కొట్టాను. రెండు ముక్కలైంది. ఆ తర్వాత అన్న మాటలు ఇక్కడ రాయను. దద్దమ్మలన్నాను, ఇంకా చాలా అన్నాను. అందరి వేళ్ళూ సుద్దకి పగిలి ఉన్నాయి. సింహాద్రి మెల్లగా వచ్చి పలక ముక్కలు ఏరి బల్ల మీద పెట్టి, “ఈసారి నేను ఏ సున్నా వదల్లేదక్కా, అక్కయ్య పీట మీద ఒట్టు” అని వెళ్ళిపోయాడు.

వాడు నిజమే చెబుతున్నాడని నాకు తెలుసు. అదే నాకు ఇంకా మంట పుట్టిస్తోంది. తప్పు చేసినవాడు దొరికితే తిట్టి సరిపెట్టుకోవచ్చు. ఎవరూ తప్పు చేయకపోతే ఎవరిని తిట్టను?

రోజు 29. రెండు చెంబులు.

పొద్దున్నే ఒక్కదాన్నే వచ్చి చీటీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇంకేం చేయాలో తోచక. పెట్టె మూత లోపలి పక్కన పెద్దవాళ్ళు రాసిపెట్టారు: లక్షలోపు ప్రధాన సంఖ్యలు 9592. నేను లెక్కపెడితే 9583. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ 9583. తొమ్మిది తక్కువ.

“దొంగలు! చీటీలు ఎత్తుకుపోయారు!” అని కేక వేశాను. నా కేకకి భానోజీ మేస్టారు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. సింహాద్రి, మిగతావాళ్ళు కూడా వచ్చారు. తొమ్మిది చీటీలు పోయాయి, ఎవరి దగ్గరున్నాయో మర్యాదగా తెచ్చి పెట్టమన్నాను. అరుస్తూ అరుస్తూ పెట్టెని తిరిగి గూటి కింద పెట్టబోయాను.

గూట్లో తొమ్మిది తెల్ల గుడ్డ మూటలు ఉన్నాయి.

నా చేతులతో నేనే తీసి అక్కడ పెట్టినవి. మనిషి పోతే వాళ్ళ చీటీని గుడ్డలో కట్టి ఏడాది పాటు నిద్రపుచ్చుతాం. ఆ సంఖ్యని ఎవరూ పలకరు, రాయరు, దాంతో భాగించరు. బతికినన్నాళ్ళూ పని చేసి అలిసిపోయిన మనిషి, ఏడాదైనా పిలవకూడదని. ఏడాది నిండాక పెద్ద బిడ్డ ముడి విప్పి పైకి చదివితే చీటీ మళ్ళీ పెట్టెలో పడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ మూటలు పక్కన పెట్టి పని మొదలుపెట్టడం నాకు చెయ్యి కడుక్కున్నంత అలవాటు. వాటిలో కూడా సంఖ్యలు ఉంటాయని నాకు తట్టనే లేదు. నాకే కాదు, ఇరవై ఆరుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇరవై ఏడు రోజులు మనుషుల్ని రాచిరంపాన పెట్టాను. సింహాద్రి నా మొహం చూసి, గూడు చూసి, మంచినీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చాడు. దిగువరసలో వాడి వాటా చెంబు. తాగలేదు నేను.

రోజు 30. రెండు చెంబులకి కొంచెం తక్కువ.

మూట విప్పాలంటే ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరిగాను. ఎనిమిది ఇళ్ళు. ఒక ఇంట్లో తలుపు మొహాన వేశారు, మళ్ళీ మేస్టారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒక ముసలాయన తన భార్య మూట తనే తీసుకొచ్చి, “మా ఆవిడకి ఎటూ కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం చేతకాదు, లేపండి” అని నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకున్నాడు. అప్పలనరసమ్మ ఇంట్లోనూ ఒక మూట ఉంది, వాళ్ళ మామగారిది. గుమ్మంలో నిలబడి ముందు క్షమించమని అడిగాను. “లోపలికి రా” అంది. అంతే. సాయంత్రం తనే వచ్చి పలక పట్టుకుని కూర్చుంది.

ఎనిమిది చీటీలూ భాగించాం. ఒక్కోటి ముగ్గురు ముగ్గురు చేశారు. ఎనిమిదీ పోలేదు.

అందరూ నా వైపే చూస్తున్నారు. గూట్లో ఇంకొక్క మూటే ఉంది. భానోజీ మేస్టారే అడిగారు.

“ఎనిమిది ఇళ్ళకి వెళ్ళావు. మీ ఇంటి మూట మాట ఏమిటమ్మా?”

అందరి గడపలూ ఎక్కి ఊరి కోసం, నీళ్ళ కోసం అని పెద్ద పెద్ద మాటలు చెప్పినదాన్ని, మా అక్క మూట దగ్గరికి వచ్చేసరికి నాకు కాళ్ళు రాలేదు. అది నేనే కట్టాను. మూడు ముళ్ళు వేశాను, రెండు చాలు అని కుసుమ అంటున్నా వినకుండా. ఆ సంఖ్య నా సంఖ్యలో సగానికి కొంచెం పైన ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని పట్టుకుని అక్కని ఏడిపించేదాన్ని, నేనే పెద్దదాన్ని అని. అంతకు మించి దాని గురించి ఇక్కడ రాయడానికి లేదు.

రోజు 31. ఒకటిన్నర చెంబు.

పొద్దున్నే దిగువరసకి దిగాను. కుసుమ చిక్కుడు పాదు దగ్గర కూర్చుని ఉంది. సగం తీగ ఎండిపోయింది. మిగతా సగానికి పువ్వులు అలాగే ఉన్నాయి. ఎదురుగా వరసలో సామాన్లు మూటలు కట్టి గుమ్మాల ముందు పెట్టుకున్నారు జనం.

నేను నోరు తెరిచేలోపే, “నువ్వు నిన్ననే వస్తావనుకున్నాను పిన్నీ” అంది.

“రాలేకపోయానే.”

“ఎనిమిదీ పోలేదట కదా.”

“పోలేదు.”

కాసేపు ఆకులు సవరిస్తూ కూర్చుంది. తర్వాత ఒక్కసారిగా గొంతు పెంచింది. “అమ్మ బతికినంత కాలం ఆ పీట మీదే నడుం విరగ్గొట్టుకుంది. జ్వరంతో కూడా పలక వదల్లేదు. పోయాకైనా ఏడాది పడుకోనివ్వరా? నాలుగు నెలలే ఉన్నాయి పిన్నీ, నాలుగు నెలలు! ఆ రోజు నేను ముడి విప్పి చదవాలి. ఎలా చదవాలో రోజూ అనుకుంటున్నాను.”

ఊరి కోసమనే మాట నోటి చివరిదాకా వచ్చింది, మింగేశాను. “నీకు ఇష్టం లేకపోతే నేను విప్పను. ఎవరినీ విప్పనివ్వను. దిగువరస ఖాళీ అయితే అవనీ” అన్నాను. ఏడుపు వచ్చేసింది నాకు. “నిన్ను ఆఖరున పెట్టింది అందుకే. అడగలేక.”

కుసుమ ఎదురింటివాళ్ళ సామాన్ల వైపు చూసింది. తన చెంబులో ఉన్న నీళ్ళు పాదులో పోసి లేచింది.

“లేపితే నేనే లేపుతాను. నువ్వు కాదు. భాగించేది కూడా నేనే.”

శాలలోకి వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు. సింహాద్రి పీట మీద నుంచి లేచి, పై కండువాతో దాన్ని తుడిచి పక్కకి జరిగాడు. కుసుమ కూర్చుంది. మూడు ముళ్ళూ విప్పడానికి చాలాసేపు పట్టింది, అంత బిగించాను మరి. చీటీ చదివింది, పైకి కాదు. పలక మీద పది అంకెలూ రాసింది. సున్నా నెత్తిన చుక్క పెట్టింది. నేను గోడ వైపు తిరిగాను. జరిగింది రాయాలి కదా అని మళ్ళీ ఇటు తిరిగాను.

మొదటి ఐదు అంకెలు 96154. రెండు సార్లు పోయింది, 7160 మిగిలింది. సున్నా దించింది. ఒక్కసారి, 27103. ఒకటి దించింది. ఆరు సార్లు, 4049. 2 దించింది, చాలలేదు, పైన సున్నా వేసి చుక్క పెట్టింది. పక్కనున్న ఇంకో 2 దించింది. తొమ్మిది సార్లు. మిగిలింది 4449.

ఆఖరి అంకె 7. దాన్ని 4449 పక్కన దించింది. సుద్ద అక్కడే ఆగిపోయింది.

కుసుమ పలక చూసింది, ఒళ్ళో ఉన్న చీటీ చూసింది. మళ్ళీ పలక చూసింది. రెంటి మీదా ఉన్నది ఒకటే సంఖ్య. పలక నా వైపు తిప్పి, “అమ్మే పిన్నీ” అంది. ఏడుస్తూ నవ్వుతోంది. “చీటీలు పంచిన రోజు నుంచీ ఇక్కడే, నీ ఎదురుగా గూట్లోనే ఉంది.”

ఒక్కసారి పోయింది. శేషం సున్నా.

సింహాద్రి తిరగేసి గుణించాడు, ప్రతి సున్నా మీదా వేలు పెట్టి. భానోజీ మేస్టారు రెండోసారి గుణించారు. అప్పలనరసమ్మ మూడోసారి. అప్పుడు వెళ్ళి చక్రాలు తిప్పాం. మూడు, ఏడు, పదకొండు, పదమూడు, ఐదో వరసలో కుసుమ తన చేత్తో, ఆరో వరసలో 216091. తలుపు చప్పుడు కూడా చేయకుండా తెరుచుకుంది. లోపల పన్నెండు జల్లెడలూ కాగితం చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. మధ్యాహ్నానికి పంపులో బిగించారు. దిగువరసలో కేకలు ఇక్కడిదాకా వినిపించాయి.

కుసుమ చీటీని మళ్ళీ గుడ్డలో కట్టలేదు. లేచిన మనిషిని మళ్ళీ పడుకోమంటే అమ్మ ఊరుకోదు అని పెట్టెలో వేసేసింది. వేసే ముందు అందరూ వినేటట్టు చదివింది.

ఆఖరి గడి ఒక్కటే మిగిలింది. భాగించింది నువ్వు కదా, నీ సంఖ్య రాయనా అని కుసుమని అడిగాను. “నాదెందుకు పిన్నీ, తీసింది నేనా?” అని చెంబు పట్టుకుని పాదు దగ్గరికి వెళ్ళిపోయింది.

తలుపు తీసినవారి సంఖ్య: 44497